రాష్ట్రపతి ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు? జీతమెంత, సెలవు ఉంటుందా? బొల్లారం రాష్ట్రపతి నిలయం లోపలి కథ ఇదీ!

డిసెంబర్ వచ్చిందంటే హైదరాబాద్ బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం వార్తల్లోకి వస్తుంది. హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో విమానం దిగడం, గవర్నర్, ముఖ్యమంత్రి స్వాగతం పలకడం, కాన్వాయ్ బొల్లారం వైపు వెళ్లడం... టీవీలో మనకు కనిపించేది అంతవరకే. గేటు దాటాక ఏం జరుగుతుంది? వంట ఎవరు చేస్తారు? బట్టలు ఎవరు ఉతుకుతారు?

ఈ ప్రశ్న నిజానికి నాది కాదు. ఓ డిసెంబర్‌లో సెలవుకు సూర్యాపేటలో మా ఇంటికి వెళ్లినప్పుడు, ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న అత్తమ్మ అడిగింది. టీవీలో రాష్ట్రపతి పర్యటన లైవ్ వస్తోంది. చీపురు పక్కన పెట్టి కాసేపు చూసి, ''గింత పెద్ద మేడమ్ ఇంట్ల అంట్లు ఎవలు తోముతరు బిడ్డా? నెలకెంత ఇస్తరు వాళ్లకు? ఐతారం సెలవు ఉంటదా?'' అంది.

జర్నలిజం చదివాను, రోజూ పాతిక వార్తలు అప్‌లోడ్ చేస్తాను. ఆ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ కథనం.

అసలేంటీ రాష్ట్రపతి నిలయం?

దేశాధినేతకు ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ ఉంది. దాంతో పాటు విడిది ఇళ్లు ఉన్నాయి. వాటిలో ఒకటి సిమ్లా దగ్గర మషోబ్రాలో, ఇంకొకటి మన బొల్లారంలో. దక్షిణాదిలో రాష్ట్రపతికి ఉన్న ఏకైక అధికారిక నివాసం ఇదే. ఏడాదికి కనీసం ఒకసారైనా రాష్ట్రపతి ఇక్కడికి వచ్చి కొన్ని రోజులు ఉండి, ఇక్కడి నుంచే పనులు చూసుకోవడం ఆనవాయితీ. దీన్నే దక్షిణాది విడిది అంటారు.

ఈ భవనాన్ని 1860లో నిజాం కాలంలో కట్టారు. దాదాపు 90 ఎకరాల స్థలం. మేడలు, మిద్దెలు ఏం ఉండవు, ఒకే అంతస్తు. నిజాం దగ్గర బ్రిటిష్ వారి ప్రతినిధిగా ఉండే రెసిడెంట్‌కు ఇది ఊరి బయటి ఇల్లు. ఆయన అసలు నివాసం కోఠి రెసిడెన్సీ. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిశాక బొల్లారం ఇల్లు కేంద్రం చేతికి, అక్కడి నుంచి రాష్ట్రపతి సచివాలయానికి వచ్చింది.

వంటగది ఒక చోట, భోజనాల గది మరో చోట.. మధ్యలో సొరంగం!

ఈ ఇంట్లో పనిచేసేవాళ్ల జీవితం ఎలా ఉండేదో అర్థం కావాలంటే ఒక్క చోటు చూస్తే చాలు. అదే సొరంగం.

నిలయంలో వంటగది ప్రధాన భవనంలో ఉండదు, విడిగా వేరే బ్లాకులో ఉంటుంది. అక్కడ వండిన భోజనం భూమి కింద ఉన్న దారి గుండా డైనింగ్ హాల్‌కు చేరేది. ఆ రోజుల్లో కట్టెల పొయ్యిలు. పొగ, వేడి, నిప్పు భయం వల్ల దొరల బంగ్లాల్లో వంటశాలను దూరంగా కట్టేవారు. దూరంగా కట్టడం చాలా చోట్ల ఉన్నదే. ఇక్కడ మాత్రం ఆ దూరాన్ని నేల కింద నుంచి కలిపారు. దాంతో ఇంకో పని కూడా జరిగింది. తిండి అతిథుల ముందుకు వచ్చేది కానీ, మోసుకొచ్చే మనుషులు ఆవరణలో ఎవరి కంటా పడేవాళ్లు కాదు.

ఇప్పుడా సొరంగాన్ని బాగుచేసి, గోడల మీద చేర్యాల బొమ్మలు వేయించారు. సందర్శకులు నడిచి చూడొచ్చు. సెల్ఫీలు దిగడానికి బాగుంటుంది. దిగేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. వేడి గిన్నెలు పట్టుకుని రోజుకు ఎన్నిసార్లు ఈ దారిలో నడిచి ఉంటారో!

రాష్ట్రపతి వస్తే.. ఎవరెవరు పనిలోకి దిగుతారు?

నిలయంలో పనిచేసేవాళ్లను మూడు వరుసలుగా చూడొచ్చు.

మొదటి వరుస ఏడాది పొడవునా ఉండేవాళ్లు. గదులు, తోటలు, కరెంటు, నీళ్లు చూసుకునే సిబ్బంది. రాష్ట్రపతి ఉండేది కొద్ది రోజులే అయినా, మిగతా పదకొండు నెలలూ ఇల్లు పాడుపడకుండా చూసేది వీళ్లే. 90 ఎకరాలంటే మాటలు కాదు. పండ్ల తోటలు, ఔషధ మొక్కల తోట, నక్షత్ర వనం... ఒక పూట నీళ్లు తప్పితే తేడా తెలిసిపోతుంది.

రెండో వరుస ఢిల్లీ నుంచి వచ్చేవాళ్లు. రాష్ట్రపతితో పాటు సచివాలయ అధికారులు, ఆంతరంగిక సిబ్బంది వస్తారు. రాష్ట్రపతికి ఏం వండాలి, ఏ వేళకు పెట్టాలి అన్నది వీళ్లకు తెలిసిన సంగతి.

మూడో వరుస రాష్ట్ర ప్రభుత్వం పంపేవాళ్లు. పర్యటనకు ముందు చీఫ్ సెక్రటరీ సమీక్ష పెడతారు. రోడ్లు, వైద్య బృందం, ఫైరింజన్, బందోబస్తు అన్నీ అందులో తేలుతాయి. ఆ సమీక్షల్లో ఏటా వినిపించే మాట ఇంకోటుంది. పాములు పట్టే బృందం 24 గంటలూ అక్కడే ఉండాలి, కోతుల్ని పట్టించాలి, తేనెతుట్టెలు తీయించాలి అని! అన్ని చెట్లున్న చోట అవి ఉండటం సహజమే కదా. చెట్టెక్కి తేనెతుట్టె దింపే మనిషి కూడా ఆ కొన్ని రోజులు దేశాధినేత ఇంటి పనివాడే.

వీళ్లందరి పని పతాక స్థాయికి చేరేది 'ఎట్ హోమ్' రోజున. ప్రముఖులను పిలిచి రాష్ట్రపతి ఇచ్చే తేనీటి విందు అది. టీవీలో మనకు కనిపించేది పలకరింపులే. టీ కప్పుల ట్రే పట్టుకుని వెనకాల నిలబడ్డవాళ్లను కెమెరా తప్పించుకుంటూ పోతుంది. మా ఫుటేజీ కూడా అంతే, ఒప్పుకోవాలి.

ఢిల్లీలో పని ఎలా నడుస్తుంది?

రాష్ట్రపతి భవన్‌లో 340 గదులు, 330 ఎకరాల ఎస్టేట్. అక్కడ ఇంటి పని ఒక పూర్తి స్థాయి విభాగం. వంటవాళ్లు, బట్లర్లు, గదులు సర్దేవాళ్లు, చాకలి పని చేసేవాళ్లు, మాలీలు, అందరి పని వేరు, అందరి మీదా పర్యవేక్షణ ఉంటుంది. సరుకుల లెక్క, బిల్లుల లెక్క పక్కాగా రాస్తారు.

విందుల హాల్లో ఒకేసారి 104 మంది కూర్చోవచ్చు. ఒక దేశాధ్యక్షుడు మాట్లాడుతుంటే మధ్యలో ''సార్, పప్పు వేయమంటారా?'' అని అడగడం కుదరదు. అందుకే గోడల మీది చిత్రపటాల పైన రంగు దీపాలు పెట్టారు. ఎప్పుడు వడ్డించాలి, ఎప్పుడు ప్లేట్లు తీయాలి అనేది ఆ దీపాలే బట్లర్లకు చెబుతాయి. వందమంది ముందు ఒకేసారి ప్లేటు పడాలి, ఒకేసారి లేవాలి. చప్పుడు రాకూడదు. రాష్ట్రపతి భవన్ వంటశాలలో పేరున్న 'దాల్ రైసినా' అనే పప్పు వండటానికి దాదాపు 48 గంటలు పడుతుందని చెబుతారు. అంటే విందు రేపు అనగా వంటవాళ్ల డ్యూటీ నిన్ననే మొదలైనట్టు.

బ్రిటిష్ హయాంలో ఇదే భవనంలో తోట పనికే 418 మంది ఉండేవారని, అందులో 50 మంది కేవలం పిట్టల్ని తోలడానికి పెట్టుకున్న పిల్లలని చెబుతారు. మన చేలల్లో మంచె మీద పిట్టల్ని తోలే పిల్లల్లాగే! కాకపోతే అక్కడ పంట లేదు, వైస్రాయ్ పూలు మాత్రమే.

ఇంతకీ జీతం ఎవరిస్తారు?

అత్తమ్మ రెండో ప్రశ్న ఇదే. జవాబు సింపుల్. రాష్ట్రపతి తన జేబులోంచి ఇవ్వరు. రాజ్యాంగంలోని 112వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి జీతభత్యాలు, ఆ కార్యాలయం ఖర్చులు దేశ సంచిత నిధి నుంచి వస్తాయి. అంటే మనందరి పన్నుల డబ్బు. అక్కడ వంట చేసే మనిషి ఒక వ్యక్తికి నౌకరు కాదు, ప్రభుత్వ ఉద్యోగి.

ఈ తేడా కాగితం మీదిదే అనుకోకండి. 2006లో అబ్దుల్ కలాం బంధువులు యాభై మందికి పైగా రామేశ్వరం నుంచి వచ్చి కొన్ని రోజులు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. వాళ్లు వెళ్లాక తిండికీ, వసతికీ అయిన మూడున్నర లక్షల రూపాయలను కలాం తన సొంత ఖాతా నుంచి కట్టారు. ఇల్లు ప్రభుత్వానిది, చుట్టాలు నావాళ్లు అన్నది ఆయన లెక్క. అమెరికాలో కూడా ఇలాంటి పద్ధతే ఉంది. వైట్‌హౌస్ సిబ్బంది జీతం ప్రభుత్వానిది, అధ్యక్షుడి కుటుంబం తినే తిండి బిల్లు మాత్రం అధ్యక్షుడిదే.

ఇక పర్మనెంట్ ఉద్యోగులకు ఏం వస్తుందో చూద్దాం. ఏడో వేతన సంఘం ప్రకారం 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వంలో అట్టడుగు ఉద్యోగి మూల వేతనం కూడా నెలకు 18,000 రూపాయలు. దాని మీద డీఏ, ఇంటి అద్దె అలవెన్సు. ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవులు, 8 క్యాజువల్ లీవులు. మహిళలకు 180 రోజుల ప్రసూతి సెలవు. జబ్బు చేస్తే సీజీహెచ్ఎస్. రిటైరయ్యాక పెన్షన్, గ్రాట్యుటీ. ఢిల్లీ ఎస్టేట్‌లోనే సిబ్బందికి క్వార్టర్లు, పిల్లలకు స్కూలు ఉన్నాయి. ఆ స్కూల్లోనే 2015లో ఉపాధ్యాయ దినోత్సవం సందర్భంగా అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ స్వయంగా పాఠం చెప్పారు.

అందరికీ ఇలాగే ఉంటుందా అంటే, ఉండదు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఊడ్చే పని, తోట పని చాలావరకు కాంట్రాక్టు ఏజెన్సీల చేతికి వెళ్లింది. ఏజెన్సీ కింద పనిచేసేవాళ్లకు పై సౌకర్యాలు రావు. అయినా చట్ట ప్రకారం వాళ్లకు కనీస వేతనం ఇవ్వాలి, పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలి. కట్టకపోతే అడగడానికి ఒక ఆఫీసు ఉంటుంది, ఒక కాగితం ఉంటుంది.

ఆ కాగితం విలువ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. దూరం కాదు, మన ఊరికే.

గడీలో పని.. జీతం లేదు, సెలవు లేదు, 'కుదరదు' అనే మాటే లేదు

1948 వరకు ఇక్కడ దేశాధినేత అంటే నిజామే. ఆయన ప్యాలెస్‌ల్లో పనివాళ్ల లెక్క వింటే కళ్లు తిరుగుతాయి. 1967లో ఉస్మాన్ అలీ ఖాన్ చనిపోయాక మనవడు ముకర్రం జా చేతికి వచ్చిన జీతాల పట్టీలో 14 వేలకు పైగా పేర్లున్నాయని చరిత్రకారులు రాశారు. అందులో తాగునీళ్లు తేవడానికే 28 మంది, షాండ్లియర్ల దుమ్ము దులపడానికి 38 మంది అట!

ఇది రాజధాని సంగతి. ఊళ్లల్లో సంగతి వేరు. ప్యాలెస్‌లో కనీసం జీతాల పట్టీ ఉంది. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు దొరల గడీల్లో అదీ లేదు. అక్కడ నడిచింది వెట్టి. చాకలివాళ్లు గడీ బట్టలు ఉతకాలి, అంట్లు తోమాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. మంగలి క్షౌరం చేయాలి, దొర కాళ్లు పిసకాలి. దళితులు చెప్పులు కుట్టాలి, కబుర్లు మోయాలి, కట్టెలు కొట్టాలి. తహసీల్దారో, గిర్దావరో ఊరికొస్తే వాళ్ల మకాంలో పనీ ఊరివాళ్లదే. కూలి ఉండదు. మా తాతల తరం దగ్గర కూర్చుంటే ఈ మాటలు ఇప్పటికీ వినొచ్చు.

దాని మీద తిరగబడ్డదీ ఈ నేలే. ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని కరివిరాల కొత్తగూడెం నుంచి వచ్చిన మల్లు స్వరాజ్యం భూస్వాముల ఇంట పుట్టిన పిల్ల. వెట్టి చేసేవాళ్లకు తన ఇంటి వడ్లు పంచడంతోనే ఆమె పోరాట జీవితం మొదలైంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, తను కౌలుకు చేసిన పొలం పంటను తన ఇంటికే చేర్చుకుంది. గడీ బట్టలు ఉతకాల్సిన ఇంటి మనిషి గడీకి ఎదురుతిరిగింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణాలు పోయాక పోరాటం సాయుధ బాట పట్టింది.

తర్వాత వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణలో వెట్టిచాకిరీని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. బ్రిటిష్ రెసిడెంట్‌కు రెండు ఇళ్లు అని పైన చెప్పుకున్నాం కదా. బొల్లారం ఇల్లు రాష్ట్రపతి నిలయమైంది. కోఠి రెసిడెన్సీ ఆడపిల్లల కాలేజీ అయ్యి, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో ఆ యూనివర్సిటీకి పెట్టిన పేరు చాకలి ఐలమ్మదే! ఒకప్పుడు ఏ ఇంటి వెనక గుమ్మం నుంచి పనివాళ్లు లోపలికి వెళ్లేవాళ్లో, ఆ ఇంటి ముందు గేటు మీద ఇప్పుడు ఒక చాకలి తల్లి పేరుంది.

మరి మన ఊరి ఇంటి పనివాళ్ల సంగతేంటి?

వెట్టి పోయింది. కానీ సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో తెల్లారకముందే కాలనీల్లోకి నడిచొచ్చే ఆడవాళ్లను చూడండి. నాలుగైదు ఇళ్లు, ప్రతి ఇంట్లో ఊడ్చుడు, తుడుచుడు, అంట్లు. నాగా పెడితే ఫోన్ మోగుతుంది. జీతం ఎంత అన్నది ఆ ఇంటివాళ్ల మనసు. పండక్కి చీర ఇస్తే మంచివాళ్లు, లేకపోతే లేదు. పెన్షన్, గ్రాట్యుటీ అన్న మాటలే ఈ పనిలో వినిపించవు.

చట్టం అసలే లేదా? కొంత ఉంది.

* ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లోనే ఇంటి పనిని కనీస వేతనాల షెడ్యూల్‌లో చేర్చింది.
* 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టం ఇంటి పనివాళ్లను కార్మికులుగా గుర్తించింది.
* పనిచేసే ఇంట్లో లైంగిక వేధింపులు ఎదురైతే 2013 చట్టం వర్తిస్తుంది. జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు.
* ఇంటి పనివాళ్ల హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం తెచ్చింది. భారత్ దానికి అనుకూలంగా ఓటేసింది, కానీ ఆమోదించి అమల్లోకి తేలేదు.
* 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఇంటి పనివాళ్ల రక్షణకు దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదని గుర్తు చేస్తూ, నిపుణుల కమిటీ వేసి పరిశీలించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

అంటే సమస్య ఉందని కోర్టుకూ తెలుసు, ప్రభుత్వానికీ తెలుసు. తెలియనట్టు ఉండేది మన ఇళ్లల్లోనే.

ఇప్పటికిప్పుడు చేయగలిగిన పనులు

ఇంటి పనికి వెళ్లేవాళ్లు 16 నుంచి 59 ఏళ్ల మధ్య ఉంటే ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ఆధార్, ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా వివరాలు ఉంటే చాలు, దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌లో చేసిస్తారు. 12 అంకెల నంబర్‌తో కార్డు వస్తుంది. దేశంలో ఈ పోర్టల్‌లో నమోదైనవాళ్లలో వ్యవసాయ కూలీల తర్వాత పెద్ద సంఖ్య ఇంటి పనివాళ్లదే.

18 నుంచి 40 ఏళ్ల లోపు, నెలకు 15 వేల వరకు సంపాదన ఉన్నవాళ్లకు ప్రధానమంత్రి శ్రమ్ యోగి మాన్‌ధన్ పథకం ఉంది. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే కేంద్రం అంతే కలుపుతుంది. 60 దాటాక నెలకు 3,000 రూపాయల పెన్షన్ వస్తుంది. పెద్ద మొత్తం కాదు, కానీ సొంత పేరు మీద వచ్చే పెన్షన్.

ఇంకో మాట. ''రాష్ట్రపతి నిలయంలో ఉద్యోగం ఇప్పిస్తాం, ఇంత కట్టండి'' అని ఎవరైనా అంటే నమ్మకండి. కేంద్ర కార్యాలయాల్లో ఎంటీఎస్ లాంటి పోస్టులకు టెన్త్ పాసైతే చాలు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నోటిఫికేషన్ ఇచ్చి పరీక్ష పెడుతుంది. డబ్బు అడిగిన చోట ఉద్యోగం ఉండదు.

చూడాలంటే ఎలా వెళ్లాలి?

2023 ఉగాది నుంచి రాష్ట్రపతి నిలయం ఏడాది పొడవునా సందర్శకులకు తెరిచి ఉంటోంది. అంతకుముందు ఏటా కొద్ది రోజులే అవకాశం ఉండేది. సోమవారం, ప్రభుత్వ సెలవు రోజులు, రాష్ట్రపతి విడిది చేసే రోజుల్లో ప్రవేశం ఉండదు. తెరిచినప్పుడు టికెట్ 50 రూపాయలు పెట్టారు. రాష్ట్రపతి భవన్ వెబ్‌సైట్‌లో ముందే స్లాట్ బుక్ చేసుకుంటే మంచిది.

సూర్యాపేట, కోదాడలకు రైలు లేదు కాబట్టి 65వ నంబర్ హైవే మీద బస్సే దిక్కు. మిర్యాలగూడ వాళ్లు రైల్లో సికింద్రాబాద్ చేరొచ్చు. సికింద్రాబాద్ నుంచి అల్వాల్, బొల్లారం వైపు సిటీ బస్సులుంటాయి.

చివరికి అత్తమ్మకు ఏం చెప్పాను?

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మొత్తం చెప్పాను. జీతం సంగతి వింది, ప్రసూతి సెలవు సంగతి వింది. సొరంగం ఫొటో ఫోన్‌లో చూపిస్తే, ''గిన్ని మెట్లు దిగి ఎక్కుకుంట మోసేటోళ్లా పాపం'' అంది. సెలవుల లెక్క దగ్గర మాత్రం ఆపింది.

''ముప్పై రోజులా? జీతం కొయ్యకుండనా?''

''కొయ్యరు అత్తమ్మా.''

మా అమ్మ అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఏం మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత గోడ మీది క్యాలెండర్ చూస్తే నాలుగు ఆదివారాల చుట్టూ పెన్నుతో గీతలున్నాయి. కింద అమ్మ చేతిరాతతో 'సెలవు' అని ఉంది.

ఈ-శ్రమ్ కార్డు కోసం అత్తమ్మను నేనే సెంటర్‌కు తీసుకెళ్లాను. వృత్తి అన్న చోట ఏం రాయమంటారని ఆపరేటర్ అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను చెప్పేలోపే, ''ఇంటి పని జేస్త, రాయి'' అంది.